నాలుగు వేల తొంభై ఆరు ట్రేలు

మార్చి 1, గురువారం

పొద్దున అంబులెన్సు కేంద్రంలో మా సర్వర్‌కి నెలవారీ తనిఖీ. యోర్దాంక అక్క డ్యూటీలో ఉంది. మా అపార్ట్‌మెంట్లో సరిగ్గా నా నెత్తిమీది ఫ్లాటే ఆవిడది. పద్నాలుగేళ్లుగా ఆవిడ కుర్చీ జరిపిన చప్పుడును బట్టి నాకు టైము తెలుస్తుంది. మార్చి ఒకటి కదా, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని కట్టే ఎరుపు తెలుపు దారాలు పట్టుకుని దొరికినవాళ్లందరి మణికట్టుకీ కడుతూ తిరుగుతోంది. నాకూ కట్టింది. చెట్టు పూసేదాకానో, కొంగ కనబడేదాకానో తీయకూడదని, తీశాక కొమ్మకి కట్టాలని నలభై ఏడేళ్లదాన్ని కూచోబెట్టి చెప్పింది. తర్వాత ఇంకో దారం చేతిలో పెట్టి, "ఇది నీ మెషీనుకి. దానికీ ఒంట్లో బాగుండాలి కదా" అంది.

కట్టాను. సర్వర్ వెనక పసుపు ఫైబర్ కేబుల్ ఒకటి జారి వేలాడుతోంది. దాన్ని చుట్టగా చుట్టి, ర్యాక్ కమ్మీకి చేర్చి, ఆ దారంతోనే మూడు ముళ్లు బిగించాను. చూడ్డానికి నీట్‌గా ఉంది. ఫోటో తీసి ఆఫీసులో ఆస్పరూ అన్నకి పంపితే, మెషీనుకి పెళ్లా అని జవాబిచ్చాడు.

మార్చి 5, సోమవారం

పదకొండింటికి కేంద్రం నుంచి ఫోను. సర్వర్ బతికే ఉంది గానీ, అంబులెన్సులు పంపే గది వైపు ఎవరేం చెప్పినా వినిపించుకోవడం లేదట. నేను వెళ్లేలోపు వాళ్లే ఆపి మళ్లీ వేశారు, సర్దుకుంది. మొత్తం ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో ఒక్క కాల్ కూడా రాలేదు, అదృష్టం.

సర్వర్ రాసుకునే లాగ్‌లో ఒకటే మాట, వందసార్లు: బఫర్లు లేవు, బఫర్లు లేవు. వచ్చిన సమాచారాన్ని కాసేపు పట్టి ఉంచే గిన్నెల్లాంటివవి; ఆ వైపు నెట్‌వర్క్ కార్డుకి నాలుగు వేల తొంభై ఆరు ఇచ్చాం. ఇంత చిన్న ఊళ్లో, సోమవారం పొద్దున, అవన్నీ ఒక్కసారి ఎలా అయిపోతాయి? మెషీనుకి గుండెకాయ లాంటి కెర్నెల్ మాది, కార్డుని నడిపే డ్రైవర్ కోడు మాది. ఎనిమిదేళ్లుగా పదకొండు కేంద్రాల్లో నోరెత్తకుండా నడుస్తోంది. నెట్‌వర్క్ స్విచ్ పాతది. స్విచ్ మార్చమని రాశాను.

మార్చి 6

స్విచ్ మార్చారు. అయిపోయింది. నిద్రొస్తోంది.

మార్చి 8, గురువారం

అయిపోలేదు.

రాయాలని లేదు, కానీ రాయకపోతే రేపు నాకే తప్పుగా గుర్తుంటుంది. 11:12కి కాల్స్ తీసుకునే గదిలో అమ్మాయి నది వీధి కాల్ ఎక్కించింది. మిన్చో అని, పాత పడవ సరంగు, డెబ్బై నాలుగేళ్లు, మాట ముద్దగా వస్తోంది, కుడిచెయ్యి లేవడం లేదు. సర్వర్ అది తీసుకుంది. 'పంపాను' అని లాగ్‌లో రాసుకుంది. పక్క గదిలో యోర్దాంక అక్క తెర మీదికి అది చేరింది 11:31కి. అదీ, బండి ఇంకా కదల్లేదేమని అవతలి గదివాళ్లు వచ్చి అడిగి, అందరూ కంగారుపడి సర్వర్ ఆపి మళ్లీ వేశాక.

పందొమ్మిది నిమిషాలు. మిన్చో బతికాడు. మాట పడిపోయింది.

ఇవాళ ఆడవాళ్ల పండగ. ఆ గదిలో బల్ల మీద పూలు, సగం కోసిన కేకు, పేపరు ప్లేట్లు ఉన్నాయి. నేను వెళ్లేసరికి డైరెక్టర్ ఆ కేకు వైపే చూస్తున్నాడు. తెర ఖాళీగా ఉంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది, కాల్స్ లేవనే కదా. అక్క తన కుర్చీలోంచి లేవలేదు. నన్ను చూసి, "రాలేదమ్మా, ఒట్టు, రాలేదు" అంది, అంతే. నేను భుజం మీద చెయ్యేసి సర్వర్ గదిలోకి వెళ్లాను. బఫర్లు లేవు.

మార్చి 9, శుక్రవారం

మీటింగు. కేంద్రం డైరెక్టర్, వాళ్ల లాయరు, మా యజమాని లాచెజార్, నేను. లాగ్ కాగితం మీద అచ్చు వేసి మధ్యలో పెట్టారు. 11:12, పంపాను. మెషీను పంపిందని మెషీనే రాసుకుంది, ఇంక వాదనేముంది అన్నట్టు లాయరు దాని మీద పెన్ను పెట్టాడు.

ఆ రాత ఏమిటో నాకు తెలుసు. పంపే వరుసలో పెట్టింది, అంతే. అవతలికి చేరిందని కాదు. ఆ ముక్క చెప్పబోయాను. ఈలోగా లాచెజార్ నా వైపు తిరిగి, మెషీను తప్పా అని అడిగాడు. ఇంకా చూస్తున్నాం, అన్ని వైపులా చూడాలి అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. నోటి దూల. "ఆ టైముకి ఆపరేటర్ తెర ముందే ఉన్నారా?" అని అడిగాను.

మామూలు ప్రశ్నే. ఎవరైనా అడిగేదే. లాయరు రాసుకున్నాడు.

మార్చి 10, శనివారం

మెట్ల మీద అక్క ఎదురైంది, కూరగాయల సంచితో. అసలేమైందో అర్థమయ్యేలా చెప్పమంది. సంచి అందుకుని, ఎక్కుతూ చెప్పాను. క్యాంటీన్ అనుకో అక్కా. వచ్చిన ప్రతివాడూ ఒక ట్రే తీసుకుంటాడు, సూపు పోయించుకుంటాడు, తాగి ట్రే తిరిగి పెడతాడు. ఎవరో తిరిగి పెట్టడం లేదు. రోజుకి కొన్ని. సూపు ఉంటుంది, వంటవాడు ఉంటాడు, తలుపు తీసే ఉంటుంది, కానీ వచ్చినవాడికి ట్రే దొరకదు. వాడు వెనక్కి వెళ్లిపోతాడు, వచ్చినట్టు లోపల ఎవరికీ తెలీదు.

ఆవిడ మూడో అంతస్తులో ఆగి ఆయాసం తీర్చుకుంది. "అయితే ఎవరు పెట్టట్లేదో చూడొచ్చుగా?" అంది.

చూస్తున్నామన్నాను.

మార్చి 12, సోమవారం

యోర్దాంక అక్కని విధుల్లోంచి ఆపేశారు. ఇరవై రెండున విచారణ. అందులో ఆవిడ తప్పు లేదని తేలకపోతే ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగం, కేకు తింటూ మనిషిని గాలికి వదిలేసిందనే మాటతో ముగుస్తుంది. ఈ ఊళ్లో ఆ మాట ఆవిడ కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. మా రిపోర్టు వచ్చేదాకా ఆగుదామన్నారట. మా రిపోర్టు అంటే నేను.

రోజూ ఉదయం ఆరింటికి సర్వర్ ఆపి మళ్లీ వేయమని ఎనిమిదినే చెప్పాను, ప్రస్తుతానికి ప్రాణం పోదు. గంటకోసారి ఖాళీ బఫర్లు ఎన్నో చూసేలా చిన్న కోడు పెట్టాను. 4096. 4051. 3990. 3934. ఒక్కసారి కూడా పైకి పోదు. నిండటం కాదిది, కారిపోవడం. కేబుల్ మీద ప్యాకెట్లుగా వచ్చే సమాచారంలో చెడిపోయి వచ్చేవి మరో లెక్క. బఫర్లు ఎన్ని తగ్గితే అదీ సరిగ్గా అంతే పెరుగుతోంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మధ్యాహ్నం దాకా చూశాను. తల బొప్పి కట్టింది.

కార్డు తయారీలో లోపం అయ్యుండాలి.

మార్చి 13, మంగళవారం

కార్డు కాదు.

ప్యాకెట్ చెడిపోయి వస్తే దాన్ని పట్టించుకోకుండా అక్కడే వెనక్కి తిరిగిపోయే తోవ ఒకటి ఉంది కోడులో. తిరిగేముందు బఫర్ వదలాలి. వదలడం లేదు. ఒక్క వరుస లేదు, అంతే. మంచి కేబుల్ మీద నెలకి పదో పన్నెండో చెడతాయి, ఎవరికీ తెలిసిరాదు. ఇప్పుడు గంటకి యాభై.

పాత కోడు. అప్పటి హడావిడిలో ఎవరో రాసి ఉంటారు. ఇంకా చూడాలి.

సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. యోర్దాంక అక్క. ఖాళీగా కూచోలేక బనిత్స చేసిందట, వేడివేడిగా ప్లేటు నిండా. మెషీన్లతో పడి తిండి మానేస్తున్నావని తిట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. జున్ను బాగా పడింది, పై పొర కరకరలాడుతోంది. మొత్తం తినేశాను.

మార్చి 14

ఇంకా చూడాలి.

మార్చి 15, గురువారం

ఆ వరుస చేర్చి కేంద్రంలో పెట్టేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మామూలు నవీకరణ అని రాశాను. 4096, 4096, 4095, 4096. ఇక ఆగదు. ఏ ముసలాయనకీ ఇక అలా జరగదు. అదే కదా ముఖ్యం.

అదే ముఖ్యం.

మార్చి 16, శుక్రవారం

ఇంకో ప్రశ్న మిగిలింది: ఉన్నట్టుండి ప్యాకెట్లు ఎందుకు చెడుతున్నాయి? పొద్దున్నే కేంద్రానికి వెళ్లి సర్వర్ వెనక టార్చి వేశాను.

పసుపు కేబుల్. నా చుట్ట. నా మూడు ముళ్లు. ఫైబర్ అంటే లోపల గాజుపోగు, వేలికి చుట్టుకునే ఉంగరమంత వంపు తిప్పితే వెలుతురు బయటికి కారుతుందని కాలేజీ పిల్లలకి కూడా తెలుసు. ఆ దారం ఎప్పుడు కట్టానో కూడా తెలుసు. అయిదో తారీఖు నుంచీ, ఒకటో తారీఖు తర్వాత ఏం మారిందని అందర్నీ అడుగుతూ తిరిగింది నేనే.

కత్తెర లేదు, తాళంచెవితో కోశాను. కేబుల్ వదులుకాగానే చెడిన ప్యాకెట్ల లెక్క ఆగిపోయింది. దారం కోటు జేబులో వేసుకుని, లిఫ్టు ఉన్నా మెట్లు దిగాను.

మార్చి 18, ఆదివారం

పైన కుర్చీ చప్పుడు. కిటికీ దగ్గరికి, వెనక్కి, కిటికీ దగ్గరికి. నిన్నంతా కూడా అంతే. ముప్పై ఒక్కేళ్లు షిఫ్టుల మీద బతికిన మనిషికి ఇంట్లో ఏం చేయాలో తెలియడం లేదు.

బనిత్స ప్లేటు కడిగి ఆరబెట్టాను. ఖాళీ ప్లేటు ఇవ్వకూడదు. ఏదైనా వండి ఇస్తాను.

మార్చి 19, సోమవారం

ఆస్పరూ అన్నకి చూపించాను. ఎవరికో ఒకరికి చూపించకపోతే పిచ్చెక్కేలా ఉంది. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద, కెర్నెల్ నేర్పిందే ఆయన. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఆ తోవ మొత్తం చదివాడు. తర్వాత పైన ఉన్న రెండు పేర్లు చదివాడు. రాసింది: వెనెటా. చూసి ఒప్పుకున్నది: ఆస్పరూ. ఎనిమిదేళ్ల కిందటి జూను, శుక్రవారం, మధ్యాహ్నం 2:50.

ఆ శుక్రవారం నాకు గుర్తుంది. అప్పట్లో నాతో ఉన్న కామెన్ కింద కారులో హారన్ కొడుతున్నాడు, సముద్రానికి వెళ్తున్నాం. ఆ ఏడు అలలు ఎంత వెచ్చగా ఉన్నాయో కూడా గుర్తుంది. ఆ వరుస రాయడం మాత్రం గుర్తులేదు. కామెన్ తర్వాత రెండేళ్లకి వెళ్లిపోయాడు. వరుస ఇక్కడే ఉంది.

"చూడలేదు" అన్నాడు ఆస్పరూ అన్న. "నువ్వు రాశావుగా, ఇంక నేను చూసేదేముందనుకున్నాను. ఇప్పటిదాకా నీవి ఒక్కటీ చూడలేదు."

నేను కూడా ఆయనవి చూడలేదు. మా ఆఫీసులో అదే మర్యాద. భోజనానికి లేస్తూ ఒకరి కోడుకి ఒకరం సంతకం పెట్టేస్తాం. ఎదుటివాడి కోడు వరుస వరుసా చదివితే, నిన్ను నమ్మట్లేదని మొహం మీద చెప్పినట్టు.

ఇద్దరం లాచెజార్ దగ్గరికి వెళ్లాం. మంచివాడే, అరవలేదు. కోడు సంగతి విన్నప్పుడు మొహం పాలిపోయింది. పదకొండు కేంద్రాలు, తొమ్మిది మంది జీతాలు. కానీ దారం సంగతి చెప్పగానే ముందుకు వంగాడు. ఆ దారం ఎక్కడిదని అడిగాడు. యోర్దాంక గారు ఇచ్చారని చెప్పాను. కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు.

"వెనెటా గారూ, రిపోర్టులో అదే రాయండి. ఆపరేటర్ తెచ్చిన దారం వల్ల కేబుల్ వంగింది, ప్యాకెట్లు చెడ్డాయి, లింకు పోయింది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క ఉందా?"

లేదు. వెతికాను, ఒక్క ముక్క కూడా లేదు. అదే భయమేసింది.

కట్టింది నేనన్నాను. ఇచ్చింది ఎవరన్నాడు. ఆస్పరూ అన్న కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు.

మార్చి 20, మంగళవారం

రిపోర్టు రాశాను. ఒకటిన్నర పేజీ. దారం, వంపు, చెడిన ప్యాకెట్లు. చక్కగా వచ్చింది. కోడు గురించి చివర్లో ఒక వాక్యం: 'తదనంతరం సాఫ్ట్‌వేర్‌ను మరింత దృఢపరచడమైనది.' ఎవరు చదివినా మెచ్చుకుంటారు. ఆవిడ తెర ముందు నుంచి లేవలేదని కూడా ఇందులో తేలిపోతుంది. కేకు నింద పోతుంది కదా. దారం ఇవ్వడం నేరమేమీ కాదు, మహా అయితే మందలిస్తారు. ఆవిడకి మంచే చేస్తున్నాను.

ఇంత మంచి చేస్తున్నప్పుడు ప్లేటు తీసుకుని పైకి ఎందుకు వెళ్లలేకపోతున్నాను?

మార్చి 21

మందలించరు. నాకు తెలుసు. ఈ ఊళ్లో మిన్చో మాట పోయింది ఆ మనిషి దారం వల్లేనంటారు. మార్చి ఒకటి వచ్చినప్పుడల్లా అంటారు. ఆవిడ ఇంకెవరికీ దారం కట్టదు.

ఒకటిన్నర పేజీ చింపేశాను. కంప్యూటర్లోనూ చెరిపేశాను.

మార్చి 22, గురువారం

విచారణ పదింటికి. యోర్దాంక అక్క నీలం జాకెట్టు వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూచుంది. మణికట్టు మీద దారం లేదు. డ్యూటీ ఆపిన రోజే కోసేసిందని తర్వాత తెలిసింది. మిన్చో కూతురు కూడా వచ్చింది, వెనక వరసలో.

రాత్రి చేత్తో రాసుకున్న కాగితం చదివాను. పంపానని మెషీను రాసుకున్నది నిజం, కాల్ చేరలేదన్నదీ నిజం. ఆపరేటర్ తెర మీదికి 11:31 దాకా ఏమీ రాలేదు, ఆమె చూడగలిగేది ఏమీ లేదు. కేబుల్‌ని వంచి కట్టింది నేను. దారం ఎవరిచ్చినా, అలా కట్టకూడదని తెలియాల్సింది నాకు. అయినా కేబుల్ వంగితే నాలుగు ప్యాకెట్లు చెడాలి, సర్వర్ చెవుడు రాకూడదు. చెవుడు వచ్చింది ఎనిమిదేళ్ల కిందట నేను రాయాల్సిన ఒక వరుస రాయనందుకు. తొమ్మిదో తారీఖు మీటింగులో ఆపరేటర్ తెర ముందున్నారా అని అడిగిందీ నేనే. అడగడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆస్పరూ అన్న లేచి, సంతకం తనదని, చూడకుండా పెట్టానని చెప్పి కూచున్నాడు. లాచెజార్ చేతులు చూసుకుంటున్నాడు.

డైరెక్టర్ ఒకటే అడిగాడు, మీకు ఇది ఎప్పుడు తెలిసిందని. పదమూడున అన్నాను.

అక్కని డ్యూటీలోకి తీసుకుంటున్నామని అక్కడే చెప్పారు. నేను ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. అలసట తప్ప ఏమీ లేదు ఒంట్లో. మిన్చో కూతురి దగ్గరికి వెళ్లి, క్షమించమన్నాను. ఆమె తలుపు వైపు చూసి, తప్పుకోమన్నట్టు చెయ్యి కదిపింది. తప్పుకున్నాను.

సాయంత్రం మెట్ల మీద యోర్దాంక అక్క. నాకోసమే ఆగినట్టుంది.

"పదమూడునా?"

అవునన్నాను.

"పదమూడు సాయంత్రం నీకు బనిత్స ఇచ్చాను."

అవునన్నాను.

"తిన్నావా?"

"తిన్నాను."

తల ఆడించి పైకి వెళ్లిపోయింది. రెండు అంతస్తులూ ఎక్కడా ఆగలేదు.

మార్చి 24

కాయధాన్యాల సూపు, మిరపకాయలు వేసి. ప్లేటులో పట్టదు కాబట్టి గిన్నెలో పోసి, ప్లేటు కింద పెట్టి తీసుకెళ్లాను. బెల్లు కొట్టాను. లోపల కుర్చీ జరిగింది. తలుపు తెరుచుకోలేదు. చాప మీద పెట్టి వచ్చేశాను.

మార్చి 25

చాప మీదే ఉంది.

మార్చి 27

లేదు. పిల్లి తినేసి ఉంటుంది. పిల్లి ప్లేటు తీసుకుపోదు గదా.

మార్చి 30, శుక్రవారం

లాచెజార్ నన్ను తీసెయ్యలేదు. రెండు కేంద్రాలు పోయాయని చెప్పాడు, తర్వాత మాట్లాడటం మానేశాడు. ఆస్పరూ అన్న మాత్రం ఇప్పుడు నేను రాసిన ప్రతి వరుసా పైకి చదువుతున్నాడు, బడిపిల్లాడి పాఠంలా, గట్టిగా. ఇవాళ పదకొండు వరుసలకి నలభై నిమిషాలు పట్టింది. ఒకచోట ఆగి, ఇక్కడ వెనక్కి తిరిగేముందు ఏం వదలాలి అని అడిగాడు. విసుగొచ్చింది. చూస్తే నిజంగానే వదల్లేదు. దిద్దాను.

ఏప్రిల్ 3, మంగళవారం

మా గేటు దగ్గర చెర్రీ పూసింది. పొద్దున్నే ఇరుగుపొరుగు పిల్లలు దారాలు కట్టేసి వెళ్లారు, కొమ్మలన్నీ ఎర్రగా తెల్లగా ఉన్నాయి. నా మణికట్టుది విప్పాను. కోటు జేబులో మెషీనుది కూడా ఉంది, తాళంచెవితో కోసిన ముక్క. రెండూ కలిపి కొమ్మకి కడుతుంటే వెనక అడుగుల చప్పుడు. యోర్దాంక అక్క, నీలం జాకెట్టులో, డ్యూటీకి వెళ్తూ.

వెళ్లిపోతుందనుకున్నాను. ఆగింది. మిన్చో నిన్న 'నీళ్లు' అన్నాడట, స్పష్టంగానే అన్నాడట, కూతురు కేంద్రానికి ఫోను చేసి చెప్పిందట. అది నాకు చెబుతున్నట్టు కాక చెట్టుకి చెబుతున్నట్టు చెప్పింది. తర్వాత నా చేతుల వైపు చూసింది.

"అంత బిగించి కడతారా ఎక్కడైనా. కొమ్మ పెరగద్దూ?" అంది.

నా ముళ్లు విప్పింది. మూడూ విప్పింది, గోళ్లతో, ఓపిగ్గా. ఒక్క ముడి వేసి, మధ్యలో వేలు దూరేంత సందు వదిలి, సంచి భుజానికి తగిలించుకుని బస్సుకి వెళ్లింది.